గుండె ఆపరేషన్ అయిన పిల్లకు ఊదుడు పరీక్ష: హన్మకొండలో ఒక సెంటర్ గురించి

ఈ సెంటర్‌కు నేనిచ్చే మార్కులు ఐదుకు నాలుగు. ఆ పోయిన ఒక్కటి మెట్ల దగ్గర, కారిడార్ దగ్గర, రిపోర్టు కాగితం దగ్గర పోయింది. పరీక్ష చేసిన తీరుకు మాత్రం వంక పెట్టేది లేదు. సెంటర్ పేరు రాయడం లేదు. పేరు రాస్తే మెచ్చుకున్న మాటలకు డబ్బులు తీసుకున్నాడంటారు, తప్పుపట్టిన మాటలకు పగ ఉందంటారు. హన్మకొండలోనైనా, కరీంనగర్‌లోనైనా, మంచిర్యాలలోనైనా ఊపిరితిత్తుల పరీక్షకు పోయేవాళ్లు ఏం చూసుకోవాలో తెలిస్తే చాలని రాస్తున్నా.

నేను ఎనుమాముల మార్కెట్‌లో ఒక అడ్తి దుకాణంలో గుమస్తాను. మా అక్క బిడ్డను వెంటబెట్టుకొని ఆసుపత్రులు తిరిగాను, పోయిన ప్రతిచోటా సిగ్గుపడకుండా అడిగాను. నాకు తెలిసిందంతా అట్లా తెలిసిందే.

పిల్లకు పుట్టుకతోనే గుండె జబ్బు. టెట్రాలజీ ఆఫ్ ఫాలో అంటారు, డాక్టర్లు పొట్టిగా టీఓఎఫ్ అని రాస్తారు. గుండె కింది గదుల మధ్య రంధ్రం, ఊపిరితిత్తులకు రక్తం పోయే దారి ఇరుకు, ఒంటికి రక్తం తీసుకుపోయే పెద్ద నాళం ఆ రంధ్రం మీదికి జరిగి ఉండడం, కుడి గది గోడ మందమవడం, ఈ నాలుగూ కలిపి ఒక జబ్బు. 1888లో ఫాలో అనే ఫ్రెంచి డాక్టర్ వివరంగా రాశాడు కాబట్టి ఆయన పేరు పెట్టారు. చంటిపిల్లగా ఉన్నప్పుడు ఏడిస్తే పెదవులు, గోర్లు నీలంగా మారేవి. నడక వచ్చాక నాలుగడుగులు వేసి గొంతుక్కూర్చునేది. అది దాని అలవాటు అనుకునేది మా అమ్మ. అట్లా కూర్చుంటే కాళ్లలోని నాళాలు నొక్కుకుపోయి ఊపిరితిత్తుల వైపు కాస్త ఎక్కువ రక్తం పోతుందని, ఎవరూ నేర్పకుండానే ఈ జబ్బు పిల్లలు అట్లా కూర్చుంటారని హైదరాబాద్‌లో డాక్టర్ చెప్పాడు.

మొదట పక్కటెముకల మధ్య కోసి ఊపిరితిత్తులకు రక్తం పోయేటట్టు చిన్న గొట్టం వేశారు. దాన్ని బీటీ షంట్ అంటారు. కొంచెం పెరిగాక రొమ్ము ఎముక కోసి అసలు ఆపరేషన్ చేశారు. రెండూ హైదరాబాద్‌లో, ఆరోగ్యశ్రీ కింద. దేవుడి దయ, డాక్టర్ల చలవ, పిల్ల ఇప్పుడు ఇంటర్ రెండో సంవత్సరం. ఎకో, అంటే గుండెకు చేసే స్కానింగ్, తీసిన ప్రతిసారీ బాగుందనే రాస్తారు. కానీ పద్మాక్షి గుట్ట మెట్లు సగం ఎక్కి ఆగిపోతుంది. బతుకమ్మ ఆడేటప్పుడు తోటి పిల్లలు ఇంకా ఊపు అందుకోకముందే పక్కకొచ్చి కూర్చుంటుంది. ఊళ్లో ఆర్‌ఎంపీ ఆస్తమా అన్నాడు, ఇన్‌హేలర్ ఇచ్చాడు. వాడినా ఆయాసం ఎక్కడికీ పోలేదు. చివరికి గుండె డాక్టరే ఎకో పక్కన పెట్టి, “గుండె వరకు నాకు టెన్షన్ పడే సంగతేమీ కనిపించట్లేదమ్మా. ఊపిరితిత్తులు ఒకసారి చూద్దాం” అని పీఎఫ్‌టీ రాశాడు. ఊపిరితిత్తుల పనితీరు చూసే పరీక్ష అది. జనం ఊదుడు పరీక్ష అంటారు.

గుండెకు ఆపరేషన్ అయితే ఊపిరితిత్తులకేమవుతుందని మా అక్క ఇంటిదాకా అడుగుతూనే వచ్చింది. ఆ ప్రశ్నకు జవాబు దొరికింది ఈ సెంటర్‌లోనే.

అయితే మొదట పోయింది ఇక్కడికి కాదు. ఇంటికి దగ్గరని వేరేచోటికి పోయాం. అక్కడ మిషన్ దగ్గరున్న పిల్లగాడు ఫోన్ పక్కన పెట్టకుండానే “ఎత్తు ఎంత?” అని అడిగాడు. పిల్ల ఏదో అంకె చెప్పింది, కొట్టేశాడు. “ఊదు” అన్నాడు. పిల్లకు దగ్గొచ్చి మధ్యలో ఆపింది. అయిపోయింది, బయటికి రమ్మన్నాడు. కాగితం మీద 1.31 లీటర్లు, దాని కింద తీవ్రమైన లోపం అని మిషన్ దానంతటదే రాసిన మాట. ఆ మాట చూసి అక్క రెండు రాత్రులు నిద్రపోలేదు. గుండె డాక్టర్ ఆ గ్రాఫ్‌ను ఇట్లా చూసి అట్లా పక్కన పడేసి, “ఇది పరీక్ష కాదు, మళ్లీ చేయించండి” అని ఈ సెంటర్ సంగతి చెప్పాడు.

ఈ సెంటర్ మొదటి అంతస్తులో ఉంటుంది. లిఫ్ట్ లేదు. ఆయాసం ఉన్నవాళ్లకు పరీక్షలు చేసే చోటికి నిట్టనిలువు మెట్లు ఎక్కి పోవాలి! మాకంటే ముందు ఒక పెద్దమనిషి, బీడీలు కాల్చి కాల్చి ఊపిరి చిక్కినట్టున్నాడు, ప్రతి నాలుగు మెట్లకూ ఆగి గోడకు చెయ్యి ఆనించి నిలబడుతున్నాడు. కిందనే ఒక గది తీసుకోవచ్చు కదా అని రిసెప్షన్‌లో అడిగాను. “కింద కిరాయి ఎక్కువ సార్” అంది ఆ అమ్మాయి, దాపరికం లేకుండా. నిజమే చెప్పింది కానీ మార్కులో కొంత తీసేశాను.

రిసెప్షన్‌లో అడిగే ప్రశ్నలు మాత్రం బాగున్నాయి. పొద్దున ఇన్‌హేలర్ వాడారా, కడుపు నిండా తిని వచ్చారా, ఈ మధ్య ఆపరేషన్లేమైనా అయ్యాయా, దగ్గితే రక్తం పడిందా, ఛాతీ నొప్పి ఉందా. బలంగా ఊదితే ఛాతీలో, కడుపులో, కండ్లలో ఒత్తిడి పెరుగుతుంది కాబట్టి అడుగుతారట. గుండె ఆపరేషన్ ఎప్పుడో చిన్నప్పుడు అయిందని అంటే, ఎన్ని, ఎక్కడ కోశారు అని కూడా రాసుకున్నారు. పక్కన కోసిన మచ్చ ఉందని చెప్పగానే టెక్నీషియన్ మేడమ్ పిల్లను గోడకు నిలబెట్టి వీపు చూసింది.

ఇక్కడే నాకు మొదటిసారి ఈ సెంటర్ మీద నమ్మకం కుదిరింది. చెప్పులు విప్పించి ఎత్తు కొలిచింది, 151 సెంటీమీటర్లు. తర్వాత రెండు చేతులూ పక్కలకు చాపించి ఈ వేలి కొస నుంచి ఆ వేలి కొస దాకా టేపుతో కొలిచింది, 155. “వెన్ను కొంచెం ఒంగింది బిడ్డా, నీ అసలు ఎత్తు కొలతలో కనిపించదు” అంది. సంగతేమిటంటే, ఈ వయసు, ఈ ఎత్తు ఉన్న ఆడపిల్ల ఇంత గాలి ఊదాలి అని మిషన్‌లో ఒక లెక్క ఉంటుంది. వెన్ను వంగి ఎత్తు తగ్గితే ఆ లెక్కా తగ్గుతుంది. అప్పుడు ఊపిరితిత్తులు చిన్నగా ఉన్నా రిపోర్టులో బాగానే ఉన్నట్టు వస్తుంది. అందుకే వెన్ను వంకర ఉంటే చేతుల చాపు కొలిచి అది ఎక్కిస్తారు. చిన్నప్పుడు ఛాతీ పక్కన కోసిన పిల్లల్లో ఎదిగేకొద్దీ వెన్ను ఇట్లా ఒక వైపుకు వంగడం ఉంటుందట. మేం ఎవరం గమనించలేదు, డ్రెస్సు కుట్టే టైలరమ్మ మాత్రం ఒక భుజం ఎత్తుగా ఉందని ఎప్పుడో అంది.

రెండో సంగతి, 3 లీటర్ల సిరంజి. మందు ఎక్కించే సిరంజిలాంటిదే, కానీ మోచేయంత పొడుగు. పొద్దున్నే దాంతో మిషన్‌లోకి కచ్చితంగా 3 లీటర్ల గాలి తోస్తారు. మిషన్ కూడా 3 లీటర్లే చూపించాలి, తేడా 3 శాతం లోపే ఉండాలి. తేదీ వేసి రాసిన పుస్తకం బల్ల మీదే ఉంది. మా మార్కెట్‌లో కాంటాను బాట్లు పెట్టి సరిచూడకుండా మిర్చి బస్తా ఎక్కించనట్టే ఇది. నేను ఆ పుస్తకం తిరగేస్తుంటే మేడమ్ నవ్వి, “చూసే వాళ్లు ఎవరూ ఉండరు, మీరొక్కరే చూశారు” అంది. ఇరవై ఏండ్లుగా కాంటాల దగ్గర నిలబడే మనిషికి అదే కదా ముందు కనబడేది.

ఇక ఊదుడు. కొత్త ఫిల్టర్ ప్యాకెట్ మన ముందే చింపుతారు. ముక్కుకు క్లిప్పు పెడతారు. కుర్చీలో నిటారుగా, పాదాలు నేలకు ఆనించి కూర్చోవాలి. పెదవులు గొట్టం చుట్టూ బిగించి, గుండెల నిండా పీల్చి, ఒక్కసారిగా బయటికి కొట్టాలి. కొట్టడం తేలిక, కష్టమంతా ఆ తర్వాత. గాలి అయిపోయింది అనిపించినాక కూడా ఊదుతూనే ఉండాలి. స్క్రీన్ మీద గీత పైకి లేచి, వంగి, అడ్డంగా పడుకునేదాకా వదలరు.

ఆ మేడమ్ గొంతు వింటే బయట కూర్చున్నవాళ్లకు నవ్వొచ్చేది. “పీల్చు పీల్చు పీల్చు, ఆఁ కొట్టు! ఊదు ఊదు ఊదు, ఇంకా ఉంది, ఇంకా ఉంది బిడ్డా, ఆపకు, ఆపకు, పిండు, పిండు!” మొదటిసారి పిల్లకు దగ్గొచ్చింది. అది లెక్కలోకి రాదు, తీసేసింది. రెండోసారి మొదట్లో కొట్టడానికి తటపటాయించింది. అదీ తీసేసింది. “నీ తప్పేం లేదు, అందరికీ ఇట్లనే అయితది” అని మంచినీళ్లు ఇచ్చింది. వేలికి ఆక్సిజన్ మీటర్ పెట్టి చూసి, తల తిరుగుతుందా అని అడిగి, కాసేపు ఆగి మళ్లీ మొదలుపెట్టింది. సరైన ఊదుళ్లు మూడు కావాలి, వాటిలో పెద్దవి రెండింటి మధ్య తేడా 150 మిల్లీలీటర్లు దాటకూడదు. ఎనిమిదిసార్లకు మించి ఊదించరట. మా పిల్లకు వచ్చిన రెండు పెద్ద అంకెలు 2.05, 1.98. తేడా 70. మొదటి చోట వచ్చిన 1.31 ఎక్కడ, ఇది ఎక్కడ? పిల్ల అదే, ఊపిరితిత్తులు అవే.

తర్వాత సాల్బుటమాల్ పీల్పించి 15 నిమిషాలు కూర్చోమన్నారు. మందుతో ఊపిరితిత్తుల్లోని గాలి గొట్టాలు తెరుచుకొని అంకె పెరిగితే ఆస్తమా లాంటిది అనుకోవచ్చు. ఆ మధ్యలో పరకాల నుంచి వచ్చిన ఒకతను మాటల్లో కలిశాడు. ముప్పై ఏండ్లుంటాయి. అతనికి గుండెలో రంధ్రం, పెద్దయ్యాక గానీ మూయలేదట. “చిన్నప్పుడు నెలకోసారి నిమోనియా అనేవాళ్లు అన్నా. చెమటలు పట్టేవట పాలు తాగుతుంటే. అందరూ ఊపిరితిత్తుల జబ్బే అనుకున్నారు, గుండె సంగతి ఎవరికీ తట్టలేదు” అన్నాడు. మా పిల్లకు గుండె అనుకుంటే ఊపిరితిత్తులు, అతనికి ఊపిరితిత్తులనుకుంటే గుండె.

సాయంత్రం ఛాతీ డాక్టర్ వచ్చి రిపోర్టులు చూస్తాడు. చాలా సెంటర్లలో మిషన్ రాసిన మాటల కిందే సంతకం పెట్టి పంపిస్తారు. ఇక్కడ పిలిచి కూర్చోబెట్టి చెప్పాడు, అదే ఈ సెంటర్ గొప్ప. ఆయన చెప్పింది నాకు అర్థమైనంత రాస్తాను.

గుండెల నిండా పీల్చి పూర్తిగా ఊదితే వచ్చే మొత్తం గాలి ఎఫ్‌వీసీ. అందులో మొదటి సెకండులో వచ్చేది ఎఫ్‌ఈవీ1. మా పిల్లకు మొత్తం 2.05 లీటర్లు. రావాల్సింది సుమారు 3. అంటే మూడింట రెండు వంతులే. మొదటి సెకండులో వచ్చింది 1.80, అంటే ఉన్న గాలిలో 88 శాతం. ఆస్తమా అయితే గొట్టాలు ఇరుకై మొదటి సెకండు వాటా పడిపోతుంది. ఇక్కడ అది బాగుంది, మందు పీల్చాక కూడా 1.84 దగ్గరే ఆగింది. “గాలి పోయే దారికి అడ్డం లేదు. గాలి పట్టే చోటే తక్కువ” అన్నాడు. ఇన్‌హేలర్ ఎందుకు పనిచేయలేదో అక్కకు అప్పుడు తెలిసింది.

“ఎందుకు తక్కువైంది సార్? కోసింది గుండెను కదా?” అని అడిగింది అక్క.

“ఊపిరితిత్తులు పుట్టగానే తయారై ఉండవమ్మా” అని మొదలుపెట్టాడు. పుట్టినప్పుడు గాలి బుడగలు కొన్ని కోట్లే ఉంటాయట. పెద్దవాళ్లకు 30 కోట్లకు పైన. అందులో ఎక్కువ భాగం మొదటి రెండు మూడేండ్లలో పుట్టుకొస్తాయి. ఆ బుడగలూ వాటి చుట్టూ అల్లుకునే సన్న నాళాలూ కలిసి పెరుగుతాయి. టీఓఎఫ్ ఉన్న పిల్లలకు సరిగ్గా ఆ వయసులోనే ఊపిరితిత్తులకు పోయే దారి ఇరుకు, రక్తం తక్కువ. రక్తం చాలని చోట నాళాలు సన్నగా ఉండిపోతాయి, ఊపిరితిత్తి ఎదుగుదలా తగ్గుతుంది. ఆపరేషన్ దారి వెడల్పు చేస్తుంది, పోయిన ఆ ఏండ్లను పూర్తిగా తిరిగి తేలేదు.

దాని మీద కోతలు. పక్కన కోసినచోట పక్కటెముకలు దగ్గరగా అతుక్కుంటాయి, ఛాతీ గోడ బిగుసుకుంటుంది, వెన్ను వంగుతుంది. రొమ్ము ఎముక కోసి తీగెలతో కట్టారు. ఛాతీ ఎంత సాగితే ఊపిరితిత్తి అంత నిండాలి, సాగకపోతే లోపల ఎంత బాగున్నా నిండదు. ఇంకో సంగతి, ఊపిరి పీల్చే పెద్ద కండరం ఉదరవితానం, డయాఫ్రమ్. దాన్ని నడిపే ఫ్రెనిక్ నరం గుండెకు రెండు పక్కల నుంచే కిందికి దిగుతుంది. గుండె ఆపరేషన్‌లో అది దెబ్బతింటే ఒక పక్క డయాఫ్రమ్ పైకి లేచి ఉండిపోతుంది. ఎక్స్‌రేలో అనుమానం వస్తే స్కానింగ్ పెట్టి ముక్కుతో గట్టిగా పీల్చమంటారు, రెండు పక్కలా సమంగా కదులుతుందో లేదో కనబడుతుంది. మా పిల్లకు ఆ ఇబ్బంది లేదు, రెండు వైపులా బాగానే దిగుతున్నాయి.

తర్వాత ఆయన పిల్ల వైపు తిరిగి, “బడిలో పీటీ పీరియడ్‌లో ఏం చేసేదానివి?” అని అడిగాడు.

“కూర్చునేదాన్ని సార్. మా పీటీ సారే కూర్చోమనేటోడు.”

“ఎవరైనా పరుగెత్తనిచ్చారా?”

“మా అమ్మమ్మ నీళ్ల బిందె కూడా ఎత్తనియ్యదు.”

ఆయన నవ్వాడు. గుండె ఆపరేషన్ అయిన పిల్లలను ఇంటిల్లిపాదీ అరచేతిలో పెట్టుకొని చూస్తారు, ఊపిరి పీల్చే కండరాలు కూడా కండరాలే కదా, వాడకపోతే అవీ నీరసపడతాయి అన్నాడు. ఊపిరితిత్తుల పరిమాణాన్ని మందుతో పెంచలేం, కండరాలను మాత్రం పెంచుకోవచ్చు అన్నాడు. ఇన్‌హేలర్ ఆపించి, ఊపిరి వ్యాయామాలకు ఫిజియోథెరపీకి రాశాడు. ఎంత శ్రమ చేయొచ్చో గుండె డాక్టర్‌నడిగి, రోజూ నడక పెంచుతూ పొమ్మన్నాడు. ఏడాదికోసారి ఫ్లూ టీకా వేయించమన్నాడు, మామూలు జలుబు కూడా ఈ పిల్లల ఊపిరితిత్తులను ఎక్కువ కుదిపేస్తుందని. నా వైపు చూసి, “మిర్చి మార్కెట్ నుంచి వచ్చాక బట్టలు మార్చి పిల్ల దగ్గరికి పోండి” అన్నాడు. సీజన్‌లో మా అంగిలకు అంటుకొచ్చే కారం దుమ్ము సంగతి వరంగల్‌లో పనిచేసే డాక్టర్‌కు వేరే చెప్పాలా!

పరకాల తమ్ముడి సంగతి కూడా అడిగాను. అతనిది మా పిల్లకు తిరగేసిన కథ. గుండె గదుల మధ్య రంధ్రం ఉంటే ఎక్కువ ఒత్తిడి ఉన్న ఎడమ వైపు నుంచి రక్తం కుడి వైపుకు, అక్కడి నుంచి ఊపిరితిత్తులకు అవసరానికి మించి పోతుంది. ఊపిరితిత్తులు తడిసి బరువెక్కి బిగుసుకుంటాయి, సాగడానికి ఎక్కువ కష్టపడాలి. అందుకే ఆ పిల్లలు పాలు తాగుతూ చెమటలు కక్కుతారు, బరువు పెరగరు, మాటిమాటికి నిమోనియా వస్తుంది. ఉబ్బిన నాళాలు, పెద్దదైన గుండె గది పక్కనున్న గాలి గొట్టాలను నొక్కితే పిల్లికూతలు వస్తాయి, దాన్ని ఆస్తమా అనుకుంటారు. మామూలుగా ఊపిరితిత్తుల నాళంలో సగటు ఒత్తిడి, బీపీ కొలిచే లెక్కలోనే, 20 దాటకూడదు. పెద్ద రంధ్రాన్ని ఏండ్ల తరబడి మూయకుండా వదిలేస్తే ఆ నాళాల గోడలు మందమై ఒత్తిడి పెరిగి పెరిగి, చివరికి రక్తం ఎదురు తిరుగుతుంది. మనిషి అప్పుడు నీలమవుతాడు. 1897లో ఐసెన్‌మెంగర్ అనే డాక్టర్ ఇట్లాంటి రోగి గురించి రాశాడు, ఆ పేరుతోనే పిలుస్తారు. ఆ దశకు వచ్చాక రంధ్రం మూస్తే ప్రాణానికే ముప్పు. ఆ తమ్ముడికి అంతదాకా రాకముందే మూశారు.

ఒకే ఒక్క పంపుగదితో పుట్టి ఫాంటన్ ఆపరేషన్ చేయించుకున్నవాళ్ల సంగతి ఇంకా చిత్రం. వాళ్లలో ఊపిరితిత్తులకు రక్తం తోసే గది ఉండదు, సిరల నుంచి నేరుగా పోతుంది. ఊపిరి లోపలికి పీల్చిన ప్రతిసారీ ఛాతీలో ఒత్తిడి తగ్గి ఆ రక్తాన్ని లాగుతుంది. వాళ్లకు ఊపిరి కండరాలు సగం గుండె పని చేస్తున్నట్టే అన్నాడు డాక్టర్.

6 నిమిషాల నడక పరీక్ష దగ్గర సెంటర్‌కు మార్కులో ఇంకొంత పోయింది. దీనికి 30 మీటర్ల సాఫు జాగా ఉంటే మంచిది. వీళ్లకున్న కారిడార్ అందులో సగం కూడా ఉండదు, అదీ చెప్పుల స్టాండు, పేషంట్ల కాళ్లు దాటుకుంటూ. మలుపులెక్కువైతే నడిచే దూరం తగ్గిపోతుంది. మేడమే ఒప్పుకొని, “దూరం పట్టించుకోకండి, ఆక్సిజన్ ఎంత పడిపోతుందో చూద్దాం” అంది. మొదలుపెట్టేటప్పుడు 97 శాతం, చివర్లో 95. ఒకసారి మీటర్‌లో అంకె రాక గీతలు పడితే పిల్ల వేళ్లు చూసి, ఎర్రగా పండిన గోరింటాకు లేని వేలికి మార్చింది. గోరింటాకు ముదురుగా ఉన్నా, గోర్లకు రంగున్నా, వేళ్లు చల్లబడినా ఆ మీటర్ తప్పు చూపించొచ్చు. ఇంట్లో మీటర్ కొనుక్కున్నవాళ్లు గుర్తుంచుకోండి, ఒక్క అంకె చూసి హైదరాబాద్ బండి ఎక్కకండి.

రిపోర్టులో “ఊపిరితిత్తుల పరిమాణం తగ్గినట్టు సూచిస్తోంది” అనే అర్థం వచ్చేటట్టు రాశారు. తగ్గింది అని తేల్చి రాయలేదు. ఊదుడు పరీక్షలో బయటికి వచ్చే గాలే తెలుస్తుంది, ఎంత ఊదినా లోపల మిగిలేది తెలియదు. అది కొలవాలంటే అద్దాల పెట్టెలో కూర్చోబెట్టి చేసే బాడీ ప్లెతిస్మోగ్రఫీ కావాలి. గాలి నుంచి రక్తంలోకి వాయువు ఎంత బాగా దాటుతోందో చూసే డీఎల్‌సీఓ ఇంకొకటి. అందులో చాలా కొద్దిగా కార్బన్ మోనాక్సైడ్ కలిపిన గాలి పీల్చి 10 సెకండ్లు బిగబట్టాలి. ఈ రెండూ ఈ సెంటర్‌లో లేవు. లేవని ముందే చెప్పారు, ఉన్నట్టు బిల్లు వేయలేదు. ఆయాసంలో గుండె వాటా ఎంత, ఊపిరితిత్తుల వాటా ఎంత అని విడదీసే పరీక్ష మూతికి మాస్క్ పెట్టి సైకిల్ తొక్కించేది. అది హైదరాబాద్‌లో, గుండె డాక్టర్ అవసరమనుకున్నప్పుడు చేయిద్దామన్నారు. టీఓఎఫ్ ఆపరేషన్ అయినవాళ్లకు ఊపిరితిత్తుల నాళం కవాటం లీకవడం మామూలే కాబట్టి గుండె వైపు చూపించుకోవడం ఎట్లాగూ ఆపకూడదు.

డబ్బుల సంగతి. ఊదుడు పరీక్ష, మందు పీల్చాక మళ్లీ ఊదుడు, నడక, డాక్టర్ మాట, అన్నీ కలిపి 1,400 అయింది. మొదటి చోట 500. బేరం చేసే చోటు కాదిది. టైం మాత్రం పూట పడుతుంది, డాక్టర్ సాయంత్రం వస్తాడు కాబట్టి మధ్యాహ్నం దాటాక పోతే మేలు. శనివారం పోకండి, పల్లెల నుంచి వచ్చినవాళ్లతో కూర్చోను జాగా ఉండదు. ఐదారేండ్ల లోపు పిల్లలను తీసుకుపోయినా లాభం లేదు, చెప్పినట్టు ఊదలేరు.

కింద మందుల దుకాణంలో మూడు బంతుల స్పైరోమీటర్ అమ్ముతున్నారు, నీలం, ఎరుపు, పసుపు బంతులు. ఆపరేషన్ అయిన ఇండ్లలో అటక మీద ఒకటి ఉండే ఉంటుంది. దుకాణం పిల్లగాడు “ఊదితే బంతులు లేస్తాయి” అని చెప్తున్నాడు ఎవరికో. కాదు తమ్మీ, పీలిస్తే లేస్తాయి. నెమ్మదిగా, లోతుగా పీల్చి బంతిని పైన కాసేపు నిలబెట్టాలి. మా పిల్లకు ఫిజియోథెరపీ ఆమె అదే నేర్పింది. ఇప్పుడు రెండు బంతులు నిలబెడుతోంది, మూడోది లేస్తుంది గానీ టక్కున పడుతుంది. “మామా, వీడియో తీయి” అని మూడో బంతి లేచినప్పుడల్లా పిలుస్తుంది.

పోయేటప్పుడు పాత ఆపరేషన్ కాగితాలన్నీ పట్టుకుపోండి, ముఖ్యంగా డిశ్చార్జి సమ్మరీ. ఎక్కడ కోశారు, ఎన్నిసార్లు కోశారు అనేది రిపోర్టు చదివే డాక్టర్‌కు చాలా పనికొస్తుంది. పాత ఎక్స్‌రే ఉంటే అదీ. వదులు బట్టలు వేసుకోండి, బిగుతు జాకెట్టు, నడుము కట్టు ఉంటే ఛాతీ నిండదు. గ్రాఫ్ ఉన్న కాగితం అడిగి తీసుకోండి, ఒట్టి అంకెల కాగితం చూసి ఏ డాక్టరూ ఏమీ చెప్పలేడు.

ఆ మార్కులో మిగిలింది పోయింది ఆ కాగితం దగ్గరే. కరెంటు బిల్లులాగా వేడికి అచ్చయ్యే సన్న చుట్ట కాగితం మీద ఇస్తారు. ఎండాకాలం బీరువాలో పెడితే అచ్చు మాయమవుతుంది. వచ్చే ఏడాది రిపోర్టుతో పోల్చి చూడాలంటే ఇదే కావాలి కదా. ఏ4 మీద ప్రింట్ ఇమ్మంటే ప్రింటర్ చెడిపోయిందన్నారు. పక్క సందులో జిరాక్స్ షాపు ఉంది, రెండు రూపాయలు. వెంటనే తీయించి పెట్టుకోండి, ఫోన్‌లో కూడా ఒక ఫొటో కొట్టండి.